గోడకు వేలాడాలా, నేల మీద నిలబడాలా: పాత ఇంటికి స్టీలు బాల్కనీ ఎంపిక

వెస్ట్ మారేడుపల్లిలో ఒక పాత ఇల్లు. మేడ మీద గది కిటికీ తీస్తే ఎదురుగా మామిడి చెట్టు, కిటికీకీ కొమ్మలకూ మధ్య అయిదారు అడుగుల ఖాళీ. పొద్దున్నే అక్కడ కూర్చుని కాఫీ తాగాలని ఇంటాయన కోరిక. నేను వెళ్లేసరికే ఆయన ఫోనులో ఒక ఫోటో సిద్ధంగా ఉంది. ఏదో విదేశంలో, తెల్లటి గోడ నుంచి పలచటి స్టీలు బాల్కనీ ఒకటి కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలోకి చాచుకుని ఉంది. "ఇలాంటిదే కావాలండీ. కింద కాళ్లూ గీళ్లూ వద్దు" అన్నారు.

స్ట్రక్చరల్ ఇంజినీరుగా నేను ఈ మాట విననిది ఏ నెలో చెప్పలేను. రెయిలింగు డిజైను, రంగు, టైలు గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు కూడా గోడ గురించి ఒక్క ప్రశ్న వేయరు. ఆ ఫోటోలోని బాల్కనీని మోస్తున్నది గోడ లోపల ఉంది, కెమెరాకు దొరకదు. కాబట్టి డిజైన్ల దగ్గరికి పోయేముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

## గోడ వెనక ఏముంది?

హైదరాబాదులో ఇళ్లు స్థూలంగా రెండు రకాలు. పిల్లర్లు, బీములు, స్లాబు ఉండి, మధ్యలో ఇటుకలు పేర్చినవి ఒక రకం. ఇటీవలి అపార్టుమెంట్లు చాలావరకు ఇవే. ఇక్కడ గోడ ఒట్టి తెర, బరువు మోసేవి పిల్లరూ బీమూ. రెండో రకంలో గోడే బరువు మోస్తుంది. రాతి గోడ, సున్నం, పైన ఇనుప గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పు. పాత బస్తీలోనూ, మారేడుపల్లి, పద్మారావు నగర్ లాంటి చోట్లా ఇవి ఇంకా ఉన్నాయి.

స్టీలు బ్రాకెట్‌ను బోల్టులతో బిగించదగిన చోటు ఒక్కటే, ఇనుము కట్టి పోసిన కాంక్రీటు. ఇటుకలో బిగించిన బోల్టు ఏసీ యూనిట్‌ను మోస్తుంది, పదిమంది మనుషులను మోయదు. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడలో అయితే ఆ ఆలోచనే వద్దు. పాత రాతి గోడ చూడటానికి కోటలా ఉంటుంది కానీ రెండు రాతి వరుసల మధ్య ఉన్నది సున్నం, చిన్న రాళ్లు, మట్టి. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే ఊడివస్తుంది.

డ్రాయింగులు లేకపోతే కిటికీ పక్కన అరచేతి మేర ప్లాస్టరు గీకి చూడండి. బీము ఎక్కడ మొదలవుతుందో, ఎంత లోతుందో అక్కడే తెలుస్తుంది. లోపలి కడ్డీలు ఎక్కడున్నాయో చూపే పరికరంతో ఒకసారి వెతికిస్తే, రంధ్రం వేసేటప్పుడు బీము కడ్డీలనే కోసే ప్రమాదం తప్పుతుంది.

## ఎంత బరువు?

మనకు గుర్తొచ్చేది రెండు కుర్చీలు, ఒక తులసి కుండీ. లెక్క వేయవలసింది గణేశ్ నిమజ్జనం రోజుకు. ఊరేగింపు వీధిలోకి రాగానే ఇంట్లో వాళ్లూ చుట్టాలూ పక్కింటి పిల్లలూ అందరూ ఒకేసారి బాల్కనీలోకి, అదీ బయటి అంచు దగ్గరికే చేరతారు. నివాస గృహాల బాల్కనీలకు, కట్టడాలు మోయవలసిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల బరువు లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే దాదాపు 300 కిలోలు, చదరపు మీటరుకు నలుగురు మనుషులు.

గోడ వెంట పది అడుగుల పొడవు, గోడ నుంచి బయటికి నాలుగు అడుగుల వెడల్పున్న బాల్కనీ తీసుకుందాం. స్థూలంగా మూడు మీటర్లు, 1.2 మీటర్లు. విస్తీర్ణం 3.6 చదరపు మీటర్లు. మనుషుల బరువు 1,080 కిలోలు. మూడు అంగుళాల కాంక్రీటు పోసి టైల్స్ వేస్తే గచ్చు బరువే సుమారు 950. ఫ్రేము, రెయిలింగు కలిపి ఇంకో 250 వేసుకోండి. మొత్తం 2,280 కిలోలు, రెండు టన్నుల పైమాట. ఈ సంఖ్య గుర్తు పెట్టుకోండి, కింద ప్రతి పద్ధతినీ దీనితోనే కొలుస్తాను.

## చోటు, తీగలు, అనుమతి

భవన నియమాల జీవో 168 (2012) ప్రకారం, ఎత్తైన భవనాల కోవలోకి రాని ఇళ్లలో తప్పనిసరిగా వదలవలసిన ఖాళీలోకి బాల్కనీ పొడుచుకు రాకూడదు. స్టీలుదైనా కాంక్రీటుదైనా నియమం ఒకటే. "విప్పదీయగలిగేదే కదా, లెక్కలోకి రాదు" అని వెల్డింగ్ షాపులో చెబుతారు, నమ్మకండి. వదలవలసిన దానికన్నా ఎక్కువ ఖాళీ ఉన్న ఇంటికే ఈ ముచ్చట. ప్లాను సవరణకు దరఖాస్తు పెట్టేది కూడా పని మొదలుకాక ముందే.

రెండోది కరెంటు తీగ. ఇంటి ముందు పోయే మామూలు లైను గానీ 11 కేవీ లైను గానీ అయితే బాల్కనీ అంచుకూ తీగకూ అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. మన గల్లీల్లో చాలా బాల్కనీ కోరికలు ఈ ఒక్క కొలతతోనే ముగిసిపోతాయి. టేపుతో మాత్రం కొలవబోకండి, కంటి అంచనాకే దగ్గరగా అనిపిస్తే విద్యుత్ సిబ్బందిని పిలవండి.

## అయిదు పద్ధతులు, ఒకే బాల్కనీ

గోడ నుంచి చాచిన బ్రాకెట్. ఫోటోలో ఉన్నది ఇదే. రెండు వైపులా ఐ సెక్షనో ఛానలో (స్టీలు దూలాలు) బేస్ ప్లేటుకు వెల్డు చేసి, ఆ ప్లేటును బీముకు కెమికల్ యాంకర్లతో, అంటే రంధ్రంలో జిగురు మందు నింపి నిలబెట్టే బోల్టులతో, బిగిస్తారు. ఒక్కో బ్రాకెట్ మీద 1,140 కిలోలు, గోడకు రెండడుగుల దూరంలో పడుతున్నట్టు లెక్క. పై బోల్టులకూ కింది బోల్టులకూ మధ్య పది అంగుళాలుంటే, పై బోల్టుల జతను బయటికి లాగే బలం సుమారు 2,700 కిలోలు. ఇంకా భద్రతా గుణకం కలపలేదు. తలుపు గొళ్లెం దగ్గర నెట్టడానికీ మడతబందు దగ్గర నెట్టడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే.

అంతకన్నా పెద్ద ఇబ్బంది బోల్టులది కాదు, బీముది. బ్రాకెట్‌ను రెండు పిల్లర్ల మధ్య బీము నడుముకు బిగిస్తే అది బీమును తడిబట్ట పిండినట్టు మెలితిప్పుతుంది. తొమ్మిది అంగుళాల వెడల్పున్న పాత బీములను ఈ మెలికకు ఎవరూ డిజైను చేసి ఉండరు. అందుకే బ్రాకెట్లు పిల్లర్ల దగ్గరే రావాలి. పిల్లర్ల మధ్య దూరం, మీకు కావలసిన బాల్కనీ పొడవు కలిసిరాకపోతే ఈ పద్ధతి మీది కాదు. పైగా ఇది కొంచెం ఊగుతుంది. చాచిన దూలం కిందికి వంగే పరిమితిని స్టీలు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800, దూలం బయటికి చాచిన పొడవులో 150వ వంతుగా పెట్టింది. నాలుగడుగులకు అది 8 మిల్లీమీటర్లు. లెక్కకు సరిపోయినా అంచున నిలబడిన మనిషికి గుండె ఝల్లుమంటుంది. మూడడుగుల లోపు వెడల్పుకైతే చక్కని పద్ధతి, నాలుగు దాటితే నేను సంతకం పెట్టను.

కింద ఏటవాలు దన్ను. అదే బ్రాకెట్ కింద గోడ మీదికి ఒక ఏటవాలు కడ్డీ. పై బిగింపుకూ కింది బిగింపుకూ మధ్య మూడడుగులు దొరికితే చాలు, 2,700 కిలోల లాగుడు 760కి దిగుతుంది. ఇంత చవకగా ఇంత లాభం మరెక్కడా రాదు. అయితే దన్ను కింది కొస గోడను బలంగా నెడుతుంది. అక్కడ పిల్లరు ఉండాలి, ఇటుక ఉంటే లోపలికి నొక్కుకుపోతుంది. కింది అంతస్తు కిటికీకి ఆ దన్ను అడ్డం రాకుండా కూడా చూసుకోవాలి. పోర్టికో పైనో, తలకు తగలనంత ఎత్తులోనో అయితే బాగుంటుంది.

పైనుంచి కడ్డీలతో వేలాడదీయడం. బయటి అంచును రెండు కడ్డీలు పై అంతస్తు బీముకు కట్టేస్తాయి. పది అడుగుల పైన కడితే ఒక్కో కడ్డీలో లాగుడు 600 కిలోల చిల్లర, పై బీమును అడ్డంగా లాగేది 230 కిలోలే. బరువంతా ఇంటి మీదే వేసే పద్ధతుల్లో లెక్కకు ఇదే సుఖం. చూపుకూ అందమే, కింద ఏ అడ్డమూ ఉండదు. కానీ మీ పైన ఇంకో అంతస్తు ఉండాలి, అది మీదే అయి ఉండాలి. పై అంతస్తు లేనివాళ్లు కడ్డీని పిట్టగోడకు కట్టేసిన బాల్కనీలు రెండు చూశాను. పిట్టగోడ నాలుగున్నర అంగుళాల ఇటుక వరస. బట్టలు ఆరేసే తీగకు సరిపోతుంది.

స్తంభాల మీద. బయటి అంచు కింద రెండు స్టీలు స్తంభాలు, వాటికి సొంత పునాది. గోడ వైపు అంచును బీముకు బిగిస్తారు. సగం బరువు నేలకు పోతుంది, ఒక్కో స్తంభానికి 570 కిలోలు. మిగతా సగాన్ని గోడ కిందికి మోస్తుంది తప్ప దాన్ని బయటికి లాగేది దాదాపు ఏమీ ఉండదు. ఊగదు. వెడల్పు ఆరడుగులైనా భయం లేదు. పై అంతస్తుకూ రేపు ఇంకోటి కావాలంటే అదే స్తంభాల మీద పేర్చవచ్చు, ముందే ఆ లెక్కతో పునాది వేసుకుంటే.

గోడ అసలు నమ్మదగినది కాకపోతే గోడ వైపు కూడా రెండు స్తంభాలు పెట్టి నాలుగు కాళ్ల మంచంలా నిలబెట్టవచ్చు. అప్పుడు ఇంటికి కట్టేది పక్కలకు ఊగకుండా పట్టి ఉంచడానికే.

చిక్కల్లా నేల దగ్గర. హైదరాబాదులో చాలాచోట్ల కొన్ని అడుగుల్లోనే గట్టి మొరం, ఆ కింద రాయి తగులుతాయి. అది అదృష్టమే. కానీ ఇంటి చుట్టూ ఉన్న మొదటి రెండు మూడు అడుగులు తరచుగా ఇల్లు కట్టేటప్పుడు పోసిన పూడిక మట్టి. దాన్ని దాటి తవ్వకుండా పునాది వేస్తే స్తంభం కుంగుతుంది, ఇల్లు కుంగదు, బాల్కనీ ఒక పక్కకు వాలుతుంది. నల్లరేగడి నేలల్లో వానకు ఉబ్బి ఎండకు పగిలే పొర కిందికి పోవాలి. డ్రైనేజీ పైపు, నీళ్ల సంపు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోండి. గునపం దిగాక తెలిస్తే ఆ రోజంతా వీధి వీధంతా మీ ఇంటి ముందే ఉంటుంది.

లోపలికి చొచ్చుకుపోయే గర్డరు. బాల్కనీ దూలం గోడ దాటి గదిలోకి, చాచిన దానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి పోతుంది. కావడిబద్దలాగా లోపలి కొస బయటి కొసను నిలబెడుతుంది. కొత్తగా కట్టే ఇంట్లోనో, మేడ మీద కొత్త గది వేస్తున్నప్పుడో ఇదే సరైన దారి. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో గచ్చు తవ్వి దీన్ని పెట్టమని నేను చెప్పను.

| పద్ధతి | గోడను బయటికి లాగే బలం (ఒక్కో వైపు) | వెడల్పు | తప్పనిసరి షరతు |
|---|---|---|---|
| చాచిన బ్రాకెట్ | సుమారు 2,700 కిలోలు | మూడడుగుల లోపు మేలు | పిల్లరు దగ్గరే బిగింపు |
| ఏటవాలు దన్ను | సుమారు 760 | నాలుగడుగులు | దన్ను కింది కొసకు పిల్లరు |
| వేలాడే కడ్డీలు | పై బీము దగ్గర సుమారు 230 | నాలుగు, అయిదు | పై అంతస్తు మీదై ఉండాలి |
| స్తంభాలు | దాదాపు లేదు | ఆరడుగుల దాకా | కింద చోటు, గట్టి నేల |
| లోపలి గర్డరు | గోడకు లేదు, లోపలి కొసను పైకి ఎత్తేది సుమారు 380 | నాలుగడుగులు | కొత్త కట్టడం |

బలాలన్నీ పైన చెప్పిన నాలుగడుగుల బాల్కనీకే వేసినవి. మీ కొలత మారితే ఇవీ మారతాయి.

## గచ్చు మారిస్తే లెక్క మారుతుంది

ఇంట్లో వేసిన టైలే బాల్కనీలోనూ కావాలంటారు. ఆ కోరిక ఖరీదు 950 కిలోలు. దాని బదులు ఆరు మిల్లీమీటర్ల చెకర్డ్ ప్లేటు (కాలు జారకుండా పైన గళ్లు తేలిన స్టీలు రేకు) వేస్తే గచ్చు బరువు 180 కిలోలే, బ్రాకెట్ లాగుడు 2,700 నుంచి 1,800కి దిగుతుంది. కానీ మే నెల మధ్యాహ్నం ఆ ప్లేటు మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టి చూడండి. వాన పడితే కింది వాళ్లకు డోలు మోత. స్తంభాల మీది బాల్కనీకి బరువు సమస్య కాదు కనుక కాంక్రీటే వేసుకోండి. గోడకు వేలాడేదైతే ప్లేటు, దాని మీద బయట వాడే చెక్క పలకలు నా ఎంపిక.

కాంక్రీటు వేసినా ప్లేటు వేసినా వాలు బయటి వైపుకే ఉండాలి, మీటరుకు ఒక సెంటీమీటరు చాలు. గోడకూ గచ్చుకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలి, పైన రేకు మడత పెట్టాలి. ఆ సందును సిమెంటుతో పూడ్చేస్తే మొదటి వానాకాలంలోనే నీళ్లు బేస్ ప్లేటు వెనక చేరి, గది గోడ మీద తడి మరక కడతాయి.

## తుప్పు, రెయిలింగు

విశాఖతో పోలిస్తే మనకు ఉప్పు గాలి లేదు, ఆ మేరకు స్టీలుకు ఆయుష్షు ఎక్కువ. అయినా రెడాక్సైడ్ మీద ఒక పూత రంగు వేసి వదిలేస్తే వెల్డింగు అతుకుల దగ్గర మూడు నాలుగు వానాకాలాల్లో గోధుమరంగు కన్నీళ్లు మొదలవుతాయి. వీలైతే ముక్కలను షాపులోనే వెల్డు చేయించి, జింకు తొట్టిలో ముంచి తెప్పించి, ఇంటి దగ్గర బోల్టులతో కలపండి. అయిదు మిల్లీమీటర్లు, ఆపైన మందం ఉన్న స్టీలుకు చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు అడగండి. తెచ్చాక మళ్లీ వెల్డు చేస్తే ఆ చోట జింకు కాలిపోతుంది, జింకు రంగుతో సరిచేయాలి.

రెయిలింగు ఎత్తు కనీసం ఒక మీటరు. అడ్డ పట్టీలున్నవి అందంగా ఉంటాయి, పిల్లలకు నిచ్చెనలా కూడా ఉంటాయి. నిలువు కడ్డీలు పెట్టించండి, నాలుగు అంగుళాలకు మించి సందు వద్దు.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

సొంత ఇల్లు, చుట్టూ చోటు, ఒకటో అంతస్తు: మరో ఆలోచన లేకుండా స్తంభాలు. కాళ్లు కనిపిస్తాయన్న బాధ నెల రోజులుంటుంది, ఊగే బాల్కనీ బాధ దాన్ని వాడినంతకాలం ఉంటుంది.

కింద కారు పెట్టే చోటు ఉండి స్తంభం అడ్డమైతే: పిల్లర్లు ఎక్కడున్నాయో చూసి దన్ను, పై అంతస్తు కూడా మీదే అయితే కడ్డీలు.

అపార్టుమెంటు మూడో అంతస్తులో ఫ్లాటు: ఇక్కడ నా సమాధానం నిరాశపరుస్తుంది. ఆ బీము మీ ఒక్కరిదే కాదు. అసోసియేషన్ ఒప్పుకున్నా నియమాలు ఒప్పుకోవడం అరుదు. దాని బదులు కిటికీ కింది గోడ తీసి నిలువెత్తు తలుపు పెట్టి, బయట గోడకు ఆనుకుని కటకటాలు బిగించుకోండి. కాలు బయట పెట్టలేరు, గాలీ వెలుతురూ మాత్రం బాల్కనీ అంతా వస్తాయి. అది బరువు మోసే గోడ కాదని మాత్రం ముందు తేల్చుకోవాలి. ఈ పనికీ అసోసియేషన్‌కు ఒక మాట చెప్పాలి.

## పని చేసేవాళ్లను అడగవలసినవి

రాణీగంజ్‌లో సరుకు కొని బాలానగర్‌లో పని చేయించినా, వీధి చివరి వెల్డింగ్ షాపుకే ఇచ్చినా, ధర కిలోల్లోనే చెబుతారు. కాబట్టి తూకం చీటీ తీసుకోండి, సెక్షను మందం మీ ఎదుట కొలిపించండి. రెండు మిల్లీమీటర్ల గొట్టానికి రంగు వేస్తే నాలుగు మిల్లీమీటర్ల దానిలాగే కనిపిస్తుంది.

కెమికల్ యాంకర్లు వేసే రోజు మీరు ఇంట్లో ఉండండి. రంధ్రం వేశాక లోపలి దుమ్మును గాలితో ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊదాలి. మందు పట్టేది కాంక్రీటును, దుమ్మును కాదు. ఈ పనిని అయిదు నిమిషాల్లో ముగించేవాళ్లను చూస్తే నాకు ఆ బాల్కనీ కింద నిలబడాలనిపించదు. ఆ మందు గొట్టం మీద రాసినంత సేపు ఆరనిచ్చి, ఆ తరువాతే బోల్టు బిగించాలి. ఒకటి రెండు బోల్టులను లాగి పరీక్షించి చూపమని అడగండి, విసుక్కుంటే వేరేవాళ్లను చూసుకోండి.

మారేడుపల్లి ఇంటికి చివరికి నాలుగు కాళ్లే వేశాం. ప్లాస్టరు గీకితే లోపల రాయీ సున్నమూ తప్ప బీము జాడే లేదు. ఒక పునాది గుంటలో మామిడి వేరు అడ్డం వస్తే స్తంభాన్ని ఎనిమిది అంగుళాలు జరిపాం, నాలుగడుగుల దగ్గర మొరం తగిలింది. మొన్న ఆ దారిన వెళ్తూ చూశాను. కాళ్లు వద్దన్న పెద్దాయన వాటి మీదికి సన్నజాజి తీగ పాకించారు. బేస్ ప్లేటును నేలకు ఆరు అంగుళాల పైన దిమ్మ మీద పెట్టించింది తడి తగలకూడదనే. ఆయన సరిగ్గా ఆ దిమ్మ చుట్టూనే పాదు కట్టి రోజూ బిందెడు నీళ్లు పోస్తున్నారు. పాదును రెండడుగులు ఇవతలికి జరపమని చెప్పి వచ్చాను.